కడప నుంచి వైజాగ్ పోతున్నాం, మే నెలలో. ఎక్కడ తినాలి?

కారందోసె_కడప
అందరికీ నమస్కారం. మే రెండో వారంలో మేము ఆరుగురం వైజాగ్ పోతున్నాం. తిరుమల ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు దొరికాయి, ఆర్కే బీచ్ దగ్గర మూడు రోజులకు రూములు కూడా తీసుకున్నాం, ఇంకొక రోజు అరకు. కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం, సింహాచలం, ఇవన్నీ నెట్‌లో బోలెడున్నాయి, వాటి గురించి అడగడం లేదు. నా టెన్షన్ అంతా తిండి గురించే.

మా అత్త శాకాహారి, చేపల వాసన వచ్చే చోట కూర్చోను కూడా కూర్చోదు. మామకు షుగర్, పొద్దున ఎనిమిది కల్లా కడుపులో ఏదో ఒకటి పడాలి, లేకపోతే కళ్ళు తిరుగుతాయి. పిల్లలిద్దరికీ నూడుల్స్ తప్ప లోకంలో వేరే తిండి ఉన్నట్టు తెలియదు. ఇంక మా ఆయన, జనవరి నుంచి ఒకటే పాట, సముద్రం ఒడ్డున కూర్చొని వంజరం వేపుడు తినాలని. ఈ ఆరుగురినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం ఎట్లా? ఎనిమిదేళ్ళ కింద ఒకసారి పోయినాం. అప్పుడు ఎవర్నీ అడక్కుండా పోయి, రోజూ రాత్రి పది గంటలకు ఆకలితో వీధులు తిరిగి, చివరికి రూములో బిస్కెట్లు తిని పడుకున్నాం. ఈసారి అట్లా కాకూడదు.

ఉగ్గాని_బజ్జీ
అక్కా, మొదటి సలహా, ఇంటి నుంచి కారం పొడి సీసా తీసుకుపో. మిగతాదంతా తర్వాత.

చెనిక్కాయ
ఒక సీసా సరిపోదు. మాకు అనంతపురం నుంచి ప్రశాంతి ఎక్కితే వైజాగ్ చేరేసరికే సగం సీసా రైల్లో అయిపోయింది.

వైజాగల్లుడు
మాది కర్నూలు, అత్తగారిల్లు వైజాగ్ ఎంవీపీ కాలనీ. పదకొండేళ్ళుగా ఏటా పోతున్నా కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తా.

మీవారి వంజరం గురించి ముందు చెప్పాలి. మీరు పోయేది మే నెలలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో సముద్రపు వేట నిషేధం, మొత్తం 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మర బోట్లేవీ సముద్రంలోకి పోకూడదు. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బర్‌కి పోతే బోట్లన్నీ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ కట్టేసి ఉంటాయి, ఆ పక్కనే జాలర్లు నేల మీద కూర్చొని వలలు బాగు చేసుకుంటూ కనిపిస్తారు. పోయిన మేలో మా మామతో పోయి చూశా. మామూలు రోజుల్లో తెల్లారుజామున అక్కడ కాలు పెట్టే సందు ఉండదు, వేలం పాటల అరుపులు, ఐసు గడ్డలు దంచే చప్పుడు, గంపలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తే ఆడవాళ్ళు. అట్లాంటిది ఆ రోజు కాకులు తప్ప ఎవరూ లేరు.

మరి మేలో హోటళ్ళలో చేప దొరకదా అంటే దొరుకుతుంది, ఎందుకు దొరకదు. కానీ అది ఐసులో దాచిందో, అరేబియా సముద్రం వైపు నుంచి లారీలో వచ్చిందో అయి ఉంటుంది. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి కదా, మే నెలలో అక్కడ వేట నడుస్తూనే ఉంటుంది. కాబట్టి "ఇప్పుడే సముద్రంలోంచి తెచ్చాం సార్" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

కారందోసె_కడప
అయ్యో. ఈ మాట ఆయనకు ఇప్పుడే చెప్పాలా, రైలెక్కాక చెప్పాలా?

చెనిక్కాయ
రాజమండ్రి దాటినాక చెప్పు. దిగి పోలేడు.

పెన్నాగట్టు
వైజాగల్లుడు చెప్పింది నిజమే గానీ పూర్తిగా నిరాశ పడనక్కర్లేదు. మర లేని నాటు తెప్పలకు, చిన్న పడవలకు నిషేధం లేదు. అవి ఒడ్డుకు దగ్గర్లోనే వల వేసి తెల్లారేసరికి తిరిగొస్తాయి. పెద్ద జాలరిపేట వైపు పొద్దున పోతే నెత్తళ్ళు, కవళ్ళు, చిన్న చిన్న రకాలు తాజాగా దొరుకుతాయి. వంజరం, చందువ లాంటివి పెద్ద బోట్ల సరుకు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంక చెరువు రొయ్యలకు, కొర్రమీనుకు, బొమ్మిడాయిలకు ఈ నిషేధంతో పనే లేదు. మేలో పోయినప్పుడు నేనైతే రొయ్యల మీదే పడతాను. వనామీ రొయ్య గోదావరి జిల్లాల చెరువుల నుంచి ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది.

రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను, వాల్తేరు డివిజన్‌లో ఆరేళ్ళు ఉన్నాను. అప్పట్లో వంట నేనే వండుకునేవాణ్ణి కాబట్టి హోటళ్ళ కంటే చేపల బజారే బాగా తెలుసు. చేప కొనేటప్పుడు కన్ను చూడాలి, లోపలికి పోయి మసకగా ఉంటే వదిలెయ్యాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోతే అది పాతది. హోటల్లో మొప్ప ఎత్తనివ్వరు అనుకోండి.

ఉక్కునగరం_సీమోడు
నంద్యాల మాది, 15 ఏళ్ళుగా స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. ఇక్కడ మన సీమ వాళ్ళు బాగానే ఉన్నారు, ఆదివారం ఎవరో ఒకరింట్లో సంగటి గెలుకుతూనే ఉంటారు.

అక్కా, మీకు ఆరుగురిదీ ఒకే టేబుల్ కావాలంటే నా లెక్క ఇది. పొద్దున టిఫిన్‌కి ద్వారకా నగర్ వైపు పోండి, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర. సాయిరాం పార్లర్ ఉంది, శాకాహారమే, మీ అత్తగారికి ఏ బాధా లేదు. వెంకటాద్రి వంటిల్లు అని ఇంకొకటి, అక్కడ ఎప్పుడు పోయినా జనం నిలబడే ఉంటారు, ప్లేటు చేతిలో పట్టుకుని ఎవరు లేస్తారా అని చూస్తూ. పెద్దవాళ్ళతో కొంచెం కష్టం గానీ ఇడ్లీ మాత్రం బాగుంటుంది. మధ్యాహ్నం భోజనానికి దసపల్లా హోటల్లో ధరణి రెస్టారెంట్‌కి పోండి. జగదాంబ జంక్షన్ దగ్గరే. పప్పు, ఆవకాయ, నెయ్యి, వేడన్నం, మీ అత్తగారు తినేవి అన్నీ ఉంటాయి, అదే టేబుల్ మీద మీ ఆయన రొయ్యల వేపుడు చెప్పుకోవచ్చు. ఏసీ ఉంటుంది కాబట్టి వాసన అంతగా ముక్కుకు కొట్టదు.

బిర్యానీ కావాలంటే జగదాంబలోనే ఆల్ఫా ఉంది, పాత హోటలు. రంగులు, హంగులు చూడకూడదు అక్కడ, బిర్యానీ తిని లేచి రావాలి.

కొండారెడ్డి_బురుజు
వైజాగ్ ఆంధ్రా యూనివర్సిటీలో నాలుగేళ్ళు హాస్టల్. మాకు డబ్బులుండవు కాబట్టి బీచ్ రోడ్డు బండ్లే రెస్టారెంట్లు. మూరీ మిక్చర్ తినకుండా మాత్రం రావద్దు. ఎట్లా చేస్తాడంటే, మన బొరుగులే, అక్కడ మూరీలు అంటారు. సత్తు గిన్నెలో పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, వేయించిన చెనక్కాయలు వేసి, నిమ్మకాయ సగం చెక్క పిండి, కారం, ఉప్పు చల్లి, గరిటెతో గిన్నె అంచు టకటకమని కొడుతూ కలుపుతాడు. ఆ చప్పుడు వింటేనే నోట్లో నీళ్ళు. న్యూస్ పేపర్ పొట్లంలో పోసి, చెంచా బదులు అట్టముక్క ఇస్తాడు. గాలికి సగం బొరుగులు ఎగిరిపోతాయి, మిగతా సగమే మనది.

ఉగ్గాని_బజ్జీ
బొరుగుల్ని పచ్చిగానే తినేస్తారు వాళ్ళు. తడిపి, పిండి, తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడితే కదా తిండి అనేది.

కొండారెడ్డి_బురుజు
ఇదే మాట నేను మొదటి సంవత్సరం మా రూమ్‌మేట్‌తో అన్నా, వాడిది శ్రీకాకుళం. "ఉగ్గాని అంటే ఏమిటి, ఊరి పేరా" అన్నాడు. సెలవులకు తీసుకొచ్చి గుంతకల్లు స్టేషన్ బయట పొద్దున ఆరు గంటలకు తినిపించా. మూడు ప్లేట్లు తిని రైలు మిస్సయ్యాడు.

వైజాగల్లుడు
మాటల తేడా అనేది ఒకటుంది, దాని గురించి కూడా హెచ్చరించాలి. కొత్త అల్లుణ్ణి, మొదటి పండగ. మా అత్త "ఆనపకాయ పులుసు చేశా బాబూ" అంది. మనకు అనపకాయ అంటే గింజలు కదా, అనపగింజల పులుసు, సంక్రాంతికి పితికిన పప్పు, ఆ రుచి తలుచుకుంటూ కూర్చున్నా. విస్తట్లో సొరకాయ ముక్కలు పడ్డాయి. బెల్లం వేసి. ఏం మాట్లాడకుండా తిన్నా. బాగా తిన్నానని ఇంకో గరిటె వేసింది.

అదే సొర అనే మాటతో ఇంకో ప్రమాదం. హోటల్లో సొర పుట్టు అని కనిపిస్తే సొరకాయ కూరనుకుని మీ అత్తగారికి చెప్పేరు. అది సొరచేప. ఉడకబెట్టి, ముల్లు తీసి, పొడి చేసి, ఉల్లిపాయా అల్లమూ వేసి వేయిస్తారు. చూడ్డానికి కొబ్బరి కోరు వేసిన కూర లాగే ఉంటుంది.

కారందోసె_కడప
సమయానికి చెప్పారన్నా! మా అత్తకు సొరకాయ అంటే ప్రాణం, నేను ఖచ్చితంగా అదే చెప్పి ఉండేదాన్ని. ఇల్లు రెండు ముక్కలయ్యేది.

చెనిక్కాయ
ఇంకా ఉందక్కా. చట్నీ దగ్గర కూడా మోసపోతావు. అల్లం చట్నీ అని ఎర్రగా, నిగనిగలాడుతూ పోస్తారు. మన ఎర్రకారం అనుకుని దోసె నిండా పూసుకున్నా. తియ్యగా ఉంది. అంతా తియ్యగా ఉంది అక్కడ, సాంబారుతో సహా.

ఉక్కునగరం_సీమోడు
చెనిక్కాయా, కొంచెం ఎక్కువ చేస్తున్నావు. బెల్లం వేస్తారు నిజమే, అది పులుపుకి తగ్గట్టు వేస్తారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఒకసారి తిని చూడు, మన కారం ముక్కులోంచి నీళ్ళు తెప్పిస్తే వాళ్ళ ఆవ నడినెత్తికి ఎక్కుతుంది. మొదటి రెండేళ్ళు నేనూ తిట్టుకున్నా. ఇప్పుడు నంద్యాల పోతే మా అమ్మ చేసిన పులుసులో బెల్లం లేదేమని అడుగుతున్నా, మా తమ్ముడు నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు.

మీ మామగారి షుగర్ సంగతి. పొద్దున వాకింగ్‌కి బీచ్ రోడ్డుకి పంపండి, తెల్లారుజామున కాసేపు అక్కడ బండ్లు రానివ్వరు, హాయిగా నడవొచ్చు. ఎండాకాలంలో చాలా చోట్ల తోపుడు బండి మీద అంబలి అమ్ముతారు. రాగి అంబలే, కానీ ఇక్కడ రాగులను చోళ్ళు అంటారు కాబట్టి చోడి అంబలి అని అడగాలి. మజ్జిగ కలిపి, ఉప్పేసి, పెద్ద గ్లాసు నిండా పోస్తారు, నంజుకోవడానికి ఉల్లిపాయ, మిరపకాయ. టిఫిన్ హోటలు తెరిచేదాకా ఆగనక్కర్లేదు.

పెన్నాగట్టు
అంబలి మంచి సలహా. ఒక్క మాట, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకు అంబలి ఒక్కటే చాలదు, గంట తర్వాత రెండు ఇడ్లీలైనా పెట్టండి.

ఎండ గురించి కూడా చెప్పాలి. మనకు మేలో 42, 43 డిగ్రీలు మామూలే, అక్కడ 35, 36 అని చూసి చల్లగా ఉంటుందనుకుంటారు. మన ఎండ మాడుస్తుంది గానీ నీడకు పోతే వదిలేస్తుంది. అక్కడిది వదలదు, చెమట ఆరదు, ఫ్యాన్ కింద కూడా చొక్కా వీపుకు అంటుకునే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు తర్వాత పెద్దవాళ్ళను తిప్పకండి. భోజనం ఒంటిగంటకు ఏసీలో, ఆ తర్వాత ఐదు దాకా రూములో పడుకోవడమే. తాటిముంజలు కనిపించిన చోటల్లా కొనండి. సింహాచలం పోయినప్పుడు పనసతొనలు, అనాసపళ్ళు అమ్ముతుంటారు, కొండ పళ్ళకు మంచి పేరుంది. గుళ్ళో నిత్యాన్నదానం ఉంది, మీ అత్తగారికి ఆ పూట బెంగ లేదు. సబ్‌మెరైన్‌కి సోమవారం సెలవు, అది తిండి విషయం కాదు గానీ చాలామంది అక్కడిదాకా పోయి తిరిగొస్తుంటారు.

ఉగ్గాని_బజ్జీ
బిల్లు సంగతి ఎవరూ చెప్పలేదే. నేను చెప్తా, ఇంకా మానలేదు నాకా గాయం.

రెండేళ్ళ కింద నలుగురు ఫ్రెండ్స్ పోయినాం. సముద్రం కనిపించే ఒక హోటలు, పేరు ఎందుకులే. మెనూలో అన్నిటికీ ధరలున్నాయి, చందువ దగ్గర మాత్రం "సైజును బట్టి" అని ఉంది. మనకు అట్లాంటివి ఎక్కడ తెలుసు, కోడి అయితే కిలో లెక్క, పొట్టేలు అయితే కిలో లెక్క. వెయిటర్ ట్రేలో మూడు చేపలు తెచ్చి చూపించాడు, పెద్దది చూపించి "ఇది తీసుకోండి సార్, నలుగురికి సరిపోతుంది" అన్నాడు. మావాడు ఒకడు గొప్పకు పోయి "సరే కానీ" అన్నాడు. అది వచ్చింది, ఎర్రగా కాల్చి, పైన ఉల్లిపాయ చక్రాలు పెట్టి, నిజం చెప్పాలంటే రుచిగానే ఉంది. బిల్లులో ఆ ఒక్క చేపే 2,800. మిగతా భోజనమంతా కలిపి 1,400. నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, గొప్పకు పోయినవాడు మాత్రం సముద్రం వైపు చూశాడు. రూముకి నడిచే పోయినాం ఆ రాత్రి, ఆటోకి కూడా మనసొప్పలేదు.

కాబట్టి అక్కా, సైజును బట్టి అని కనిపిస్తే వండకముందే తూకం వేయించు, ఎంతవుతుందో నోటితో చెప్పించు. మొహమాటపడొద్దు.

వైజాగల్లుడు
సరైన మాట. ఇందులో హోటలు వాళ్ళ తప్పు సగమే అంటా నేను, అడిగితే చెప్తారు, మనమే అడగం.

సముద్రపు తిండికి నేను పోయేవి చెప్తా. రుషికొండ దారిలో సీ ఇన్, అందరూ రాజుగారి ధాబా అంటారు. ఇంటి వంటలా ఉంటుంది, పీతలు, రొయ్యలు, చేపల పులుసు. మధ్యాహ్నం పెందలాడే పోవాలి, లేటయితే అయిపోయాయంటారు, ఆదివారం అయితే ఇంక చెప్పక్కర్లేదు. బీచ్ రోడ్డులోనే కామత్ ఉంది. పిల్లల నూడుల్స్ కూడా అక్కడే తీరిపోతాయి. పెద్ద హోటళ్ళ సంగతి వదిలెయ్యండి, సముద్రాన్ని చూసినందుకు కూడా బిల్లు వేసినట్టుంటుంది.

అరకులో బొంగులో చికెన్. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు. బొర్రా గుహల దారి పొడుగునా బండ్లే. అయితే ముందే కాల్చి వరసగా పేర్చి పెట్టినది తీసుకోవద్దు, మన కళ్ళ ముందు కూరమని చెప్పి అరగంట నిలబడాలి. బొంగు బయట నల్లగా మాడి, చివర నుంచి ఆవిరి కక్కుతుంటే, ఆకు మీద గుమ్మరిస్తాడు చూడు, ఆ వాసన మాంసానిదో వెదురుదో తెలియదు. అత్తగారికి అక్కడ కాఫీ ఇప్పించండి. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కొండారెడ్డి_బురుజు
కాల్చిన మొక్కజొన్న, మామిడికాయ బజ్జీ కూడా లిస్టులో వేసుకోండి. ఇంకా చేపల వేపుళ్ళ బండ్లుంటాయి బీచ్‌లో, అవి సాయంత్రం నూనె కొత్తగా ఉన్నప్పుడే. రాత్రి తొమ్మిది తర్వాత ఆ నూనె రంగు చూస్తే మీకే అర్థమవుతుంది.

చెనిక్కాయ
వచ్చేటప్పుడు ఏం తేవాలి అని అక్క అడగలేదు గానీ మేమే అడుగుతున్నాం. మాడుగుల హల్వా.

ఉక్కునగరం_సీమోడు
అది గోధుమ పాలతో చేస్తారు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, నెయ్యిలో గంటల తరబడి తిప్పుతారు. మాడుగుల ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, వైజాగ్‌లోనూ దొరుకుతుంది, రైల్లో పాడవదు. మీ మామగారికి కనపడకుండా సూట్‌కేసులో అడుగున పెట్టండి.

కారందోసె_కడప
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మొత్తం కాగితం మీద రాసుకున్నా. ఆయనకు నిషేధం సంగతి చెప్పేశా, రాత్రి అన్నం సరిగా తినలేదు. పోయొచ్చి ఎట్లా జరిగిందో రాస్తా.

వేదిక_నిర్వాహకుడు
చర్చ తెరిచే ఉంచుతున్నాం. మధ్యలో పులస గురించి వచ్చిన పదహారు పోస్టులను వేరే చర్చకు మార్చాం. పులస గోదావరిది, వరద నీళ్ళు వచ్చాక దొరికేది, మే నెల వైజాగ్‌తో దానికి సంబంధం లేదు. దయచేసి మళ్ళీ ఇక్కడికి తేకండి.

కారందోసె_కడప
వచ్చేశాం. నిన్న పొద్దున దిగాం. బట్టలు ఇంకా ఉతకలేదు, ముందు ఇది రాస్తున్నా.

మొదటి రోజు మధ్యాహ్నం ధరణికి పోయాం. ఆరుగురం, ఒకే టేబుల్. అత్తకు పప్పు, గుత్తివంకాయ బాగా నచ్చాయి, ఆవకాయ రెండుసార్లు అడిగి వేయించుకుంది. ఆయన రొయ్యల వేపుడు తీసుకున్నాడు, మొదటి ముద్దకు మొహం చూశా, పరవాలేదన్నట్టే ఉంది, రెండో ముద్ద తర్వాత ఇంక మాట్లాడలేదు. అత్త ముక్కు మీద కొంగు పెట్టుకోలేదు, అదే నాకు పెద్ద విజయం. పిల్లలు వచ్చింది తిన్నారు, ఆకలికి నూడుల్స్ మాట మర్చిపోయినట్టున్నారు.

రెండో రోజు పొద్దున మామ ఐదున్నరకే లేచి బీచ్ రోడ్డుకి పోయాడు. ఏడైనా రాలేదు, ఫోన్ రూములోనే వదిలేశాడు. నేను పరిగెత్తా. చూస్తే అంబలి బండి దగ్గర స్టూలు మీద కూర్చొని ఆ బండామెతో మాట్లాడుతున్నాడు. మాది కడప అనేసరికి ఆమె "మీరు గట్టిగా ముద్ద చేసుకు తింటారంట కదండి" అని అడిగిందంట, ఈయన సంగటి ఎట్లా గెలకాలో, నూక ఎప్పుడు వెయ్యాలో, తెడ్డు ఎట్లా పట్టాలో అన్నీ చేతులతో చేసి చూపిస్తున్నాడు. ఆమె గ్లాసు కడుక్కుంటూ వింటోంది. రెండు గ్లాసులు తాగాడు, ఒకదానికే డబ్బు తీసుకుంది. మూడో రోజూ అక్కడికే పోయాడు, నాలుగో రోజు అరకు పోవాలని లేపితే అంబలామెకి చెప్పలేదే అని బాధపడ్డాడు.

సాయిరాం పార్లర్‌లో అల్లం చట్నీ తియ్యగానే ఉంది చెనిక్కాయా, కానీ పెసరట్టుకి అదే సరిపోయింది, ఒప్పుకోవాలి. నేను కారం సీసా తీస్తుంటే మా పాప "అమ్మా, అందరూ చూస్తున్నారు" అని టేబుల్ కింద నా కాలు తొక్కింది. అయినా సీసా రెండో రోజుకే ఖాళీ.

సముద్రం పక్కన ఒక చోట మాత్రం తప్పు చేశాం. రాసుకున్న కాగితం రూములో మర్చిపోయి, రాత్రి తొమ్మిదిన్నరకు ఏది కనిపిస్తే అందులోకి దూరాం. వంజరం ఉందా అంటే ఫ్రెష్ సార్ అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను "తూకం ఎంత, రేటెంత, ఏ ఊరి చేప" అని వరసగా అడిగా. పాపం కుర్రవాడు లోపలికి పోయి పెద్దాయన్ని తీసుకొచ్చాడు. ఆయన మెల్లగా, "బయట నుంచి వచ్చిందమ్మా, ఇప్పుడు వేట లేదు కదా, నెత్తళ్ళయితే పొద్దుటివి ఉన్నాయి, అవి తినండి" అన్నాడు. అంత నిజం చెప్పినందుకు అవే చెప్పాం. వేలంత చేపలు, తలతో సహా కరకరలాడేట్టు వేయించి, కరివేపాకు వేసి తెచ్చాడు. మా ఆయన ముల్లు తీద్దామని చూశాడు, తియ్యక్కర్లేదు సార్ అట్లాగే నమలండి అన్నాడు కుర్రవాడు. మూడు ప్లేట్లయ్యాయి. అయితే కారం చాలక నన్ను సీసా అడిగాడు, అప్పటికే అయిపోయింది. అక్కడ పొరపాటు ఏంటంటే, పక్క టేబుల్లో పీతలు పగలగొడుతున్నారు, అత్త లేచి బయట మెట్ల మీద కూర్చుంది. ఆ రాత్రి ఆమెకు అరటిపళ్ళే.

బొంగులో చికెన్‌కి అరగంట కాదు, ముప్పావుగంట నిలబడ్డాం. బాగుంది. నిజం చెప్పమంటే మా నాటుకోడి పులుసు ముందు తక్కువే. వైజాగల్లుడన్నా, కోప్పడొద్దు.

వైజాగల్లుడు
కోపమేం లేదమ్మా. నేనూ కర్నూలువాణ్ణే కదా, ఈ మాట మా అత్తగారింట్లో అనలేక పదకొండేళ్ళుగా మింగుతున్నా.

చెనిక్కాయ
హల్వా?

కారందోసె_కడప
రెండు కిలోలు తెచ్చాం. సామర్లకోట దాటకముందే మామ సూట్‌కేసు అడుగుదాకా వెతికి పట్టుకున్నాడు. మిగిలింది ముప్పావు కిలో.

ఇంకో సంగతి, మా ఆయన క్యాలెండర్‌లో జూన్ 15 చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి పెట్టాడు. వేట మొదలవుతుంది కదా, వంజరానికి మళ్ళీ పోదాం, ఈసారి ఇద్దరమే అంటున్నాడు.

పెన్నాగట్టు
15న బోట్లు బయల్దేరతాయమ్మా, చేపలు ఆ రోజే రావు. పెద్ద బోట్లు పోతే వారం పది రోజులు సముద్రంలోనే ఉంటాయి. 25కి టికెట్లు తీసుకోమను.